ఏడో పెట్టె కునుకు

పొదుగు పన్నెండో రోజు

ఇది కాగితం మీద రాస్తున్నాను. మా సొరంగంలో కాగితం బంగారంతో సమానం. అయినా సరే, పాత సిమెంటు సంచి లోపలి పొర చింపుకుని, మసి సిరా కలుపుకుని కూర్చున్నాను. పెట్టెలో రాస్తే రేపో ఎల్లుండో తుడిచేస్తానని నా మీద నాకే అనుమానం. తుడవడం నాకు బాగా తెలుసు. ఇక్కడ ఆ విద్య తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

నా పేరు చంద్రకళ. అందరూ నిద్రల చంద్రకళ అంటారు. మాది ఎప్పుడో కాలువ కోసం తవ్వి, అవతలి వైపు కొండ చీల్చకముందే వదిలేసిన సొరంగం. మూడు కిలోమీటర్ల పొడవు, బయటికి ఒకటే దారి. పైన పొద్దున తొమ్మిది దాటితే రాయి మీద చెయ్యి పెట్టలేం. లోపల చల్లగా ఉంటుంది కాబట్టి ఆరువందల మందిమి ఇక్కడ బతుకుతున్నాం. మా దగ్గర పదహారు ల్యాప్‌టాప్‌లు మిగిలాయి. వాటినే పెట్టెలంటాం. కొత్తవి చేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నీళ్ళ మోటారు, గాలి పంకా, బడి, దవాఖానా, అన్నీ వాటి మీదే నడుస్తాయి. కరెంటు పైనున్న సోలార్ పలకల నుంచి దిగుతుంది. దుమ్ము లేస్తే దిగదు. అందుకని ఏ పెట్టె ఎంతసేపు మేలుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో నేను నిర్ణయిస్తాను.

అయిదు నిమిషాలు ఎవరూ తాకకపోతే తెర మసకబారాలి. మోటారులాంటిదేదీ నడపకపోతే పది నిమిషాలకు కునుకు. బ్యాటరీ పదిహేను శాతానికి పడితే మొద్దునిద్ర, అంటే చేస్తున్న పనంతా లోపల దాచుకుని పూర్తిగా ఆరిపోవడం. బ్యాటరీ నింపేటప్పుడు ఎనభై దగ్గర ఆపాలి, లేకపోతే పొట్ట ఉబ్బుతుంది. మూత వేస్తే ఆ క్షణమే కునుకు. ఈ విషయాల్లో నేను ఎవరినీ వదిలిపెట్టను. పోయినేడు బడి పెట్టె నిద్రపోకుండా బిచ్చన్న సారు ఒక మీట మీద గులకరాయి పెట్టి టీ తాగడానికి వెళ్ళాడు. ఆ రాయిని చేత్తో పట్టుకుని సభలోకి తీసుకెళ్ళాను. పాపం, ఆయన నెల రోజులు పైన పలకలు తుడిచాడు. ఆ రోజు నా నడక చూడాల్సింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతోంది.

నిన్నటి సంగతి రాయాలి.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. మనిషి పోతే శవాన్ని ఈ ఒక్క దారిలోనే బయటికి తీసుకెళ్ళాలి. అందరి గడపల ముందు నుంచీ పోవాలి. శవం వస్తున్నదని డప్పు వినపడగానే ఎవరి దగ్గరున్న పెట్టె మూత వాళ్ళు వేస్తారు. పోయినవాళ్ళు వెళ్తుంటే తెర వెలుగుతూ ఉండటం మర్యాద కాదు. ఎంత పని మధ్యలో ఉన్నా సరే. గాలి పంకాల పెట్టె మూత కూడా వేస్తారు, కానీ అది మూసినా పడుకోకుండా నేను ఏర్పాటు చేసి ఉంచాను. అది పడుకుంటే మాకు ఊపిరాడదు.

అలాంటి ఏర్పాటే ఏడో పెట్టెకూ చేశాను. ఏడోది గుడ్ల పెట్టె. పోయిన ఎండాకాలం మా కోళ్ళన్నీ చచ్చిపోయాయి. అవతలి గుట్టవాళ్ళకు రెండు మంచి ల్యాప్‌టాప్‌లు ఇచ్చి తొంభై గుడ్లు తెచ్చుకున్నాం. పొదిగే ఇరవై ఒక్క రోజులూ (నేను పైన వేసిన రోజుల లెక్క అదే) వాటికి ఒకే వేడి తగలాలి. ఆ వేడి ఇచ్చే హీటరును ఏడో పెట్టె నడుపుతుంది. పెట్టె కునుకు తీస్తే దాని తీగల్లో కరెంటు ఆగుతుంది, హీటరు ఆగుతుంది. గుడ్లు చూసుకునే బాధ్యత మణెమ్మత్తది. వయసు అరవై ఒకటి, ఉబ్బసం మనిషి, మా మాటలో దమ్ము జబ్బు. నాలుగడుగులు గబగబా వేస్తే గుండె మీద చెయ్యి పెట్టుకుంటుంది. మొదటి రోజే ఆమెను కూర్చోబెట్టి చెప్పాను: "అత్తా, ఈ పెట్టె మూత వేసినా పడుకోదు. శవం పోతుంటే నిమ్మళంగా వేసుకో. హామీ నాది."

"నువ్వు చెప్పినంక ఇంగేంది బిడ్డా. నీ మాట మీద నీ కన్నా నాకే ఎక్కువ నమ్మకం" అని నవ్వింది.

నిన్న తెల్లారకముందు మణెమ్మత్త తమ్ముడు ఆశన్న పోయాడు. చాలా రోజులుగా మంచాన ఉన్నాడు. ఎండ ఎక్కకముందే పూడ్చాలి కాబట్టి అయిదు గంటలకే లేపారు. శవం గుడ్ల గది ముందుకు వచ్చినప్పుడు మణెమ్మత్త మూత వేసి, తమ్ముడి వెనక నడిచింది. తిరిగి వచ్చేసరికి పది. మూత తెరిచింది. తెర వెలిగింది. గుడ్డు ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది.

ఆమె కేకకు నేను పరుగెత్తాను. హీటరు మళ్ళీ వెలిగించి, పెట్టె తనలో రాసుకున్న దినచర్య తెరిచి చూశాను. అయిదూ పన్నెండుకు మూత పడింది. అయిదూ పన్నెండుకే కునుకు. సెట్టింగ్ చూశాను. మూత వేస్తే పడుకో అని ఉంది. ఎవరు మార్చారో కూడా అందులోనే ఉంది. తొమ్మిదో రోజు, మధ్యాహ్నం, చంద్రకళ.

తొమ్మిదో రోజు. మూడు రోజులు దుమ్ము పట్టి కరెంటు అడుగంటింది. మా పెద్దమనిషి కురుమయ్య మామ వచ్చి, ఏమన్నా చెయ్యగలవా అని అడిగాడు. రేపటికల్లా ఖర్చు మూడో వంతు తగ్గిస్తానని గొప్పలు పోయాను. నా పెట్టె నుంచే పదహారింటికీ ఒకే ఆజ్ఞ పంపాను, మూతల దగ్గర నుంచి తెరల దాకా అన్నీ బిగించి. గాలి పంకాల పెట్టె ఎప్పటి నుంచో మినహాయింపుల జాబితాలో ఉంది కాబట్టి అది తప్పించుకుంది. ఏడోదాని ఏర్పాటు కొత్తది. జాబితాలో ఎక్కించలేదు. తెర మీద ప్రశ్న వచ్చింది: ఏడో పెట్టెకున్న ప్రత్యేక ఏర్పాటు చెరిగిపోతుంది, సరేనా? నేను సరే నొక్కాను. ఆ సమయంలో నేనేం చేస్తున్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను. పైపని, అంటే పైన పలకలు తుడిచే పని చూసే ఖైరమ్మ తన పెట్టె మీటల మధ్య రొట్టె పొడి పడేసిందని ఆమెను తిడుతున్నాను. పనిలో ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని ఆమెకు చెబుతూ, చదవకుండా నొక్కాను.

నిన్న అది చూసిన వెంటనే ఏం చేయాలి? పక్కనే నేల మీద కూలబడి ఏడుస్తున్న మనిషికి నిజం చెప్పాలి. నేను సెట్టింగ్ మళ్ళీ పాతదానికి మార్చాను. మార్చి, తెర ఆమె వైపు తిప్పకుండా పక్కకు జరిపాను.


పొదుగు పదమూడో రోజు

పొద్దున మణెమ్మత్త గుడ్లను ఒక్కొక్కటే దీపం ముందు పెట్టి చూస్తోంది. ఇంత తొందరగా తెలియదని ఆమెకూ తెలుసు. అయినా చూస్తోంది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు వాచి ఉన్నాయి. తమ్ముడు పోయి రెండు రోజులే అయింది.

"గీడ నరాలు కనబడుతున్నయ్ సూడు. గిది బతికే ఉన్నది" అంది. తరువాత గుడ్డు కింద పెట్టి, "నేను మూత తప్ప ఏం ముట్టలే బిడ్డా. నా తమ్ముని మీద ఆన" అంది.

నేను తల ఊపాను. అంతే. అవునత్తా నాకు తెలుసు అని కూడా అనలేదు.

మధ్యాహ్నం కురుమయ్య మామ కబురు పంపాడు. రేపు సభ. ఏడో పెట్టె దినచర్యలో ఏముందో వచ్చి చదవాలట. అప్పుడు వెళ్ళి దినచర్యలోని ఆ వరుసలు తుడిచాను. కునుకు వేసిన వరుస, సెట్టింగ్ మారిన వరుస, నేను వెనక్కి మార్చిన వరుస. మిగతా పెట్టెల్లోనూ తొమ్మిదో రోజు ఆజ్ఞ వెళ్ళిన జాడ తీసేశాను. నా పెట్టెలోనూ తీసేశాను. పని చేస్తే శుభ్రంగా చేయడం నాకు అలవాటు. అడుసు తొక్కడం ఎందుకు, కాలు కడగడం ఎందుకు అని మా అమ్మ అనేది. నేను తొక్కడమే కాదు, కడిగిన నీళ్ళు ఇంకొకరి గడపలో పోశాను.

ఎందుకు చేశానో నిజాయితీగా రాసుకోవాలి. పైపనికి భయపడి కాదు. నేను గట్టిదాన్ని, పలకలు తుడవగలను. బిచ్చన్న సారు ముఖం చూడలేక. ఖైరమ్మ ముఖం చూడలేక. ఇన్నేళ్ళూ అందరి మీదా నోరు చేసుకున్నదాన్ని ఇప్పుడు వాళ్ళ మధ్య తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. ఇంత చిన్న కారణానికి ఇంత పని చేశాను.


పొదుగు పద్నాలుగో రోజు

లారీలు తిరగడానికని అప్పట్లో వెడల్పు చేసిన చోట మా సభ జరుగుతుంది. ఈ రోజు నిలబడటానికి కూడా చోటు లేదు. పిల్లలకు గుడ్డు పెట్టి ఏడాది దాటింది. తల్లులందరూ వచ్చారు.

"మణెమ్మా, ఏమైందో నువ్వే చెప్పు" అన్నాడు కురుమయ్య మామ.

"నా తమ్ముడు పోతున్నడు. డప్పు ఇనబడ్డది. మూత ఏసి ఎంబడి పోయిన. మూత ఏసినా పండుకోదని చంద్రకళ నాకు ముందుగాలనే చెప్పి ఉండె."

"చెప్పినవా చంద్రకళా?"

"చెప్పిన మామా."

"మరి సెట్టింగు ఎట్లున్నది?"

"చూసిన. ఇప్పుడు సరిగ్గనే ఉంది."

ఆ మాట అబద్ధం కాదు. దానికంటే పెద్ద అబద్ధం నా బతుకులో ఎన్నడూ ఆడలేదు.

"పెట్టె పండుకున్నట్టు రాసి ఉన్నదా?"

"మూత పడినట్టు ఉంది. పడుకున్నట్టు ఏ వరుసా లేదు."

సభలో గుసగుసలు లేచాయి. పెట్టె పడుకోకపోతే గుడ్లు ఎందుకు చల్లబడ్డాయి? హీటరు తీగ ఊడి ఉంటుందని ఎవరో అన్నారు. ఏడుపులో చెయ్యి తగిలి ఉంటుందని ఇంకెవరో అన్నారు. తిరిగి వచ్చాక మళ్ళీ పెట్టేసి, ఊడలేదంటోందేమో అని ఒకామె వెనక నుంచి అంది.

"తీగ ఊడలే" అంది మణెమ్మత్త. "ఊడితే ఊడిందంట గద. నాకేం పట్టింది దాచనీకె?"

ఆమె నా వైపు చూసింది. నన్ను అనుమానించి కాదు. నేను ఏమైనా చెప్పి తనను బయట పడేస్తానేమోనని చూసింది. నేను చీర కొంగు సర్దుకున్నాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటారని ఊరికే అనలేదు. కానీ ఎవరూ నా భుజాల వైపు చూడటం లేదు.

తిండి పాడుచేసినవాళ్ళు ఏడాది పైపని చేయాలి. అది రాసి పెట్టుకున్న నియమం. అబద్ధం ఆడిందన్న మాట కురుమయ్య మామ పైకి అనలేదు, కానీ అందరి ముఖాల్లో ఉంది. "దమ్ము జబ్బున్న మనిషి, ఏడాది ఎట్ల తట్టుకుంటది" అని ఖైరమ్మ ఒక్కతే అంది.

"గుడ్లు ఇయ్యాల్టి సంది చంద్రకళ సూస్తది" అన్నాడు మామ. అందరూ సరేనన్నారు. నేనూ సరేనన్నాను.


పొదుగు పదిహేనో రోజు

మణెమ్మత్త గది అప్పగించడానికి వచ్చింది. తిట్టినా బాగుండేది.

"రోజుకు ఐదు మార్లు తిప్పాలె. ఒక దిక్కు బొగ్గుతోని గీత పెట్టిన, సూడు. గీత పైకుంటే ఒక పూట, కిందికుంటే ఒక పూట. గిన్నెల నీళ్ళు ఎన్నడూ ఎండొద్దు, ఎండితే పెంకు లోపటి పొర పిల్లకు అంటుకుంటది. పద్దెనిమిదో నాడు దాటినంక అసలే ముట్టకు. పిల్ల తల అప్పుడు తిరుగుతది." చెబుతూ చెబుతూ ఊపిరి కోసం ఆగింది. "నీకు యాదుంటదా, రాసుకుంటవా?"

"యాదుంటది అత్తా."

"ఇంగ నీకు చెప్పేదేముంది. పని మంచిగ చేస్తవ్ నువ్వు."

గిన్నెలో నీళ్ళు తనే నింపింది. వెళ్ళబోతూ, ఆశన్నకు దినాలు చేసే వరకైనా కింద ఉండనిస్తారేమో మామను అడుగుతావా అంది. అడుగుతానన్నాను. అడిగాను కూడా. ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాట అడిగి, ఏదో మేలు చేసినట్టు మనసు కాస్త తేలికపడింది. ఛీ.


పొదుగు పద్దెనిమిదో రోజు

దీపం ముందు పెట్టి చూశాను. తొంభైలో ముప్ఫై మూడు మాత్రమే కదులుతున్నాయి. మిగతావి నల్లగా, లోపల నీళ్ళు కదులుతున్నట్టు ఉన్నాయి. వాటిని తీసి బుట్టలో పెట్టాను. యాభై ఏడు. ఒక్కొక్కదాని మీదా మణెమ్మత్త పెట్టిన బొగ్గు గీత ఉంది.

బుట్ట ఎత్తబోతుంటే ఖైరమ్మ వచ్చింది. పైనుంచి అప్పుడే దిగినట్టుంది, ముఖం ఎర్రగా కమిలి ఉంది.

"మీ అత్త పొద్దుగాల మెట్ల మీదనే కూసున్నది. దమ్ము తీసుకోరాలే. నీళ్ళు తాపించి నీడకు కూసోబెట్టిన. మల్ల లేచి తుడిచింది. వద్దంటే ఇనదు. తుడవకుంటే ఇంగో ఏడాది పెంచుతరని భయం." మెడ మీది చెమట తుడుచుకుని, "నాకైతే నమ్మబుద్ధి కాదు చంద్రకళా. గా ముసలామె తీగ గుంజి, గుంజలేదంటదా?" అంది.

"అనదు" అన్నాను.

"మరేమైనట్టు?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఎదురుగా ఒక్క మనిషి, అదీ తనంతట తానే అడిగిన మనిషి. రొట్టె పొడి పడేసినందుకు నేను తిట్టిన మనిషి. "చూద్దాం" అన్నాను. ఖైరమ్మ వెళ్ళిపోయింది.

చూడటానికేముంది? ఈ ఎండలకు ఆమె ఏడాది బతకదు. రెండు నెలలు బతికితే గొప్ప. నేను ఇంకా కాగితాల మీద సిగ్గుపడుతూ కూర్చుంటే ఆమె పైన పడిపోతుంది. రేపు సభ పెట్టించమని మామకు కబురు చేశాను. వెనక్కి తీసుకునే వీలు లేకుండా కారణం కూడా చెప్పి పంపాను: గుడ్ల సంగతిలో తప్పెవరిదో చెబుతాను అని.


పొదుగు పంతొమ్మిదో రోజు

చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, నిలబడి, ఆపకుండా చెప్పాను. తొమ్మిదో రోజు ఆజ్ఞ, తెర మీది ప్రశ్న, చదవకుండా నొక్కడం, ఖైరమ్మను తిట్టడం, సెట్టింగ్ వెనక్కి మార్చడం, తుడవడం. సభలో ఇదే చోట నిలబడి ఆడిన మాటా చెప్పాను. "తప్పు నాది. మణెమ్మత్తను కిందికి దించి నన్ను పైకి పంపండి" అన్నాను.

రాయి పడుతుందనుకున్నాను. తిట్టు పడుతుందనుకున్నాను. దానికోసమే ఎదురుచూశాను.

కురుమయ్య మామ కళ్ళు తుడుచుకున్నాడు. "నీ మనసు వెన్న బిడ్డా" అన్నాడు.

"మామా, మనసు కాదు. నిజం."

"ఆమె మీద జాలితోని నీ నెత్తిన ఏసుకుంటున్నవ్. మాకు ఎరుకలేదా? ఏదన్న సాక్ష్యం ఉన్నదా?"

"తుడిచేసిన అంటున్న గద."

"ఏం తుడిచినవో సూపియ్యి మరి."

"తుడిచినదాన్ని ఎట్ల చూపిస్త మామా?"

నవ్వారు. ప్రేమగా నవ్వారు. బిచ్చన్న సారు లేచాడు. ఈయనైనా నన్ను పట్టుకుంటాడని ఆశపడ్డాను. "గులకరాయి పెట్టినందుకు నన్ను నెలదినాలు పైకి పంపిన మనిషి ఈమె" అన్నాడు. "అప్పుడు కోపమొచ్చింది నాకు. కానీ గింత ముక్కుసూటి మనిషి దొంగతనంగ తుడుస్తదంటే నేను నమ్మ. ఆమెకు చేతకాదు గా పని." చప్పట్లు కొట్టారు.

"అప్పుడు అబద్ధం చెప్పిన సారూ. ఇప్పుడు నిజం చెప్తున్న."

"ఇప్పుడే అబద్ధం చెప్తున్నవ్ తల్లీ. చెప్పరాక చెప్తున్నవ్. మొకంల తెలుస్తున్నది."

నిజమే, నా ముఖం అబద్ధాలాడేవాళ్ళ ముఖంలాగే ఉండి ఉంటుంది. చెమటలు, తడబాటు, కింది చూపు. పద్నాలుగో రోజు అబద్ధం ఆడినప్పుడు మాత్రం గొంతు ఎంత నిలకడగా ఉందో. ఖైరమ్మ కోసం చూశాను. ఆమె పైపనివాళ్ళతో సొరంగం మొగ దగ్గరే ఉండిపోయిందట, సభకు రాలేదు.

చివరికి మామ తీర్పు చెప్పాడు. చంద్రకళ ఇంతగా అడిగింది కాబట్టి, ఆమె ముఖం చూసి, మణెమ్మకు రెండు నెలలు తగ్గిస్తున్నారు. ఏడాది బదులు పది నెలలు. ఒకావిడ నా దగ్గరకొచ్చి నా చేతులు కళ్ళకద్దుకుంది. ఆ చేతులు నేను వెనక్కి లాక్కోలేదు. పద్నాలుగో నాడు నోరు తెరిచి ఉంటే వరుసలు ఉండేవి కావు, నిజమే, కానీ మనుషులకు నా మీద ఇంత నమ్మకం కూడా ముదిరి ఉండేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.


పొదుగు ఇరవై రెండో రోజు

నిన్నటి నుంచి పెంకులు పగులుతున్నాయి. ఈ సాయంత్రానికి ఇరవై ఏడు పిల్లలు. ఆరు పెంకులోనే చచ్చిపోయాయి. సొరంగంలో పండుగలా ఉంది. తల్లులు పిల్లలను ఎత్తుకుని వచ్చి చూపిస్తున్నారు. పోతాయనుకున్న గుడ్లను చంద్రకళ బతికించిందని చెప్పుకుంటున్నారు. నేను గట్టిగా, అందరికీ వినపడేలా, ఇవి బతికాయంటే మణెమ్మత్త మొదటి పదకొండు రోజులు పోసిన ప్రాణం అన్నాను. "సూడు, గిప్పుడు గూడ ఆమె పేరే చెప్తున్నది" అని మెచ్చుకున్నారు. నేను ఏం మాట్లాడినా అది నాకు మంచిపేరే తెస్తోంది. ఎవరైనా ఒక్కరు నన్ను చీదరించుకుంటే కాస్త ఊపిరాడేది.

కోడిపిల్లలను చూసుకోవడానికి వేరే ఆమెను కుదిర్చి, నేను రోజూ పొద్దున పైపనికి వెళ్తానని మామకు చెప్పాను. అడగలేదు, చెప్పాను. "నీ ఇష్టం బిడ్డా, నీలాంటోళ్ళు ఉండబట్టే" అని ఏదో అనబోయాడు. వినకుండా వచ్చేశాను.


ఇరవై నాలుగో రోజు

తెల్లవారుతుండగా ఖైరమ్మ వెనక మెట్లెక్కాను. పైన పలకలు కొండ చరియంతా పరుచుకుని ఉన్నాయి. అయిదు గంటలకే గాలి వేడిగా ఉంది. మణెమ్మత్త నాలుగో వరుసలో ఉంది. తలకు తడిగుడ్డ కట్టుకుని, ఒక పలక తుడిచి, దాని అంచు పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుని, రెండో పలకకు జరుగుతోంది. పది రోజుల్లో సగమైపోయింది.

దగ్గరకు వెళ్ళి "అత్తా" అన్నాను.

"ఎన్ని పొదిగినయ్?" నా వైపు చూడకుండా అడిగింది.

"ఇరవై ఏడు."

"కాళ్ళు సక్కగున్నయా? సల్లబడ్డ గుడ్ల పిల్లలకు కాళ్ళు రెండు దిక్కులకు జారుతయ్."

"రెండింటికి జారుతున్నయి."

"రెండు కాళ్ళు కలిపి దారంతోని వదులుగ కట్టమను. నాలుగు దినాల్ల నిలబడతయ్."

సరేనన్నాను. పక్కన నిలబడి ఆమె తుడుస్తున్న పలకనే తుడుస్తూ అంతా చెప్పాను. సభలో చెప్పినంత వివరంగా కాదు. నేను మార్చిన, నేను తుడిచిన, నువ్వు ఏం చెయ్యలేదు. ఆ మూడు మాటలు. సభలో నా మాట నమ్మలేదని కూడా చెప్పాను. ఆమె గుడ్డ ఆగలేదు. పలక చివరి దాకా తుడిచి, గుడ్డ పిండి, దులిపింది.

"నేను నమ్ముత" అంది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజులకు ఒక్కరు.

"నువ్వు ఏం చెప్పినా ఎన్నడైనా నమ్మిన గద. మూత ఏసుకో అంటే ఏసిన. తీగ ఊడింది కావచ్చునని నా మనసుల నాకే ఎన్ని మార్లు అనుమానమొచ్చిందో ఎరుకనా? నా తమ్ముని మీద ఒట్టేసి, గా ఒట్టు అబద్ధమేమోనని భయపడ్డ." దగ్గు వచ్చింది. వంగి, పలక అంచు పట్టుకుంది. నేను వీపు రుద్దడానికి చెయ్యి చాచాను. ఆమె చెయ్యి అందనంత దూరం జరిగింది. దగ్గు తగ్గాక, "నువ్వు గా వరుస తుడుపో" అంది. "గిది నాది."

"పది నెలలు నీ వరుస కూడా నేనే తుడుస్త అత్తా. నువ్వు నీడకు కూసో."

"వద్దు. నువ్వు తుడిస్తే నీకింకింత పేరొస్తది. నా పని నన్ను చేసుకోనియ్యి. నా దగ్గరికి రాకు."

అయిదో వరుసకు వెళ్ళాను. తొమ్మిది దాకా తుడిచాను. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. ఆమె దగ్గు వినపడినప్పుడల్లా ఆగాను, మళ్ళీ తుడిచాను. ఒక్కసారి కూడా ఆమె నా వైపు తిరగలేదు. అందుకు ఆమె మీద గౌరవం కలిగింది. నాకు దక్కవలసిన శిక్షను ఈ సొరంగం మొత్తంలో ఆమె ఒక్కతే సరిగ్గా వేసింది.

ఎండ ఎక్కగానే అందరం దిగాం. సొరంగం మొగ దగ్గర నీళ్ళ కుండ పెట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. పైనుంచి దిగినవాళ్ళకు తలా ఒక గ్లాసు. నా ముందు మణెమ్మత్త ఉంది, గోడ పట్టుకుని, మాట రాక, చెయ్యి చాచి. ఆ అమ్మాయి ఆమెను దాటి, నవ్వుతూ నా దగ్గరకు వచ్చింది. "నువ్వు ముందు తాగు పెద్దమ్మా. నీ గురించి మా అమ్మ చెప్పింది" అంది.

ముందు ఆమెకివ్వు అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది. మణెమ్మత్త చాచిన చెయ్యి దించేసి చూస్తోంది. నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. గ్లాసు చల్లగా ఉంది. తీసుకుని తాగేశాను.